పదకొండో పేజీలో ఊడ్పులు

బ్యాంకు రుణాల కరపత్రం మీద తలపాగా చుట్టుకుని నవ్వే రైతుని మీరు చూసే ఉంటారు. ఎరువుల కంపెనీ క్యాలెండర్ మీదా ఆయనే, పంటల బీమా వెబ్‌సైట్ మీదా ఆయనే. ఆ కంపెనీలేవీ ఫోటోగ్రాఫర్ని పొలానికి పంపించలేదు. డిజైనర్ ఒకడు స్టాక్ ఫోటోల సైట్‌లోకి వెళ్లి ‘ఇండియన్ ఫార్మర్’ అని కొట్టి, మొదటి రెండు మూడు వరసల్లో కనిపించిన వాటిలోంచి ఒకటి దించుకున్నాడు. అతన్ని తప్పుపట్టడానికేం లేదు. సాయంత్రానికి పని అప్పజెప్పాలి. అన్ని వేల బొమ్మల్లోంచి అసలైన రైతుని వెతికి పట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఆ మొదటి వరసల్లో ఎవరుండాలో ఎలా తేలుతుంది, ఆ తేల్చే పద్ధతి మారిన రోజున అమ్ముకునేవాడి పరిస్థితి ఏమిటి అనేది కొంతకాలంగా నన్ను తొలుస్తున్న విషయం. నాకు ఈ గొడవ రెండు వైపుల నుంచీ తెలుసు. నేనొక షాపింగ్ యాప్‌ సెర్చ్ టీంలో పనిచేస్తాను. ఏ చీర ముందు రావాలి, ఏది వెనక్కి పోవాలి అని లెక్కలు కట్టడమే ఉద్యోగం. మా మేనత్త కొడుకు, నాకంటే పదేళ్లు పెద్ద, రావులపాలెంలో ఫోటో స్టూడియో నడుపుతాడు. పెళ్లిళ్లు లేని మూఢాల్లో ఊరికే కూర్చోలేక తొమ్మిదేళ్ల కిందట స్టాక్ సైట్లకి ఫోటోలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఈ అంగడి సంగతి కొంచెం చెప్పాలి. 2000లో కెనడాలోని కాల్గరీలో బ్రూస్ లివింగ్‌స్టన్ ఐస్టాక్‌ఫోటో పెట్టినప్పుడు అది డిజైనర్లు ఒకరి బొమ్మలు ఒకరు వాడుకునే చోటు. 2006లో గెట్టీ ఇమేజెస్ దాన్ని 5 కోట్ల డాలర్లకి కొనేసింది. 2003లో న్యూయార్క్‌లో జాన్ ఓరింగర్ తన సొంత ఫోటోలు 30 వేలతో షటర్‌స్టాక్ తెరిచాడు. నెలకింత అని చందా కట్టి కావల్సినన్ని బొమ్మలు దించుకోవడం ఆయన పెట్టిన పద్ధతి. కొనేవాడికి ఎంత హాయో అమ్మేవాడికి అంత సన్నం. 2020 జూన్‌లో షటర్‌స్టాక్ తెచ్చిన కొత్త పద్ధతిలో ఒక డౌన్‌లోడుకి కనీస వాటా 10 సెంట్లు. వాటా 15 శాతం దగ్గర మొదలై, ఆ ఏడాది ఎన్ని అమ్ముడైతే అన్ని మెట్లెక్కి 40 శాతం దాకా వెళ్తుంది. జనవరి 1 రాగానే అందరూ మళ్లీ కింది మెట్టు మీదకి. దీన్ని జాగ్రత్తగా చూడండి. సెర్చ్‌లో వెనక్కి పోయినవాడికి అమ్మకాలు తగ్గుతాయి. అమ్మకాలు తగ్గితే మెట్టు ఎక్కడు. మెట్టు ఎక్కకపోతే అమ్మిన ఆ కాసిని బొమ్మల మీదా తక్కువే వస్తుంది. దెబ్బ ఒకటే, తగిలేది రెండు చోట్ల.

మా బావకి ఒక ఫోటో ఉండేది. దాళ్వా ఊడ్పులు. నలుగురు ఆడవాళ్లు నీళ్లలో వంగి ఉన్నారు, ఒకామె మాత్రం నడుం నొప్పికి కాబోలు నిటారుగా లేచి, చేతిలో ఆకు కట్టతో కెమెరా వైపు చూస్తోంది. వెనక కొబ్బరిచెట్లు, పొగమంచు. మంచి ఫోటోనే, గొప్పదని నేననను. నాకైతే కడియం నర్సరీలో పూలకుండీల మధ్య అన్నం తింటున్న ముసలాయన ఫోటో ఎక్కువ ఇష్టం. అది మాత్రం తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు అమ్ముడైంది. ఊడ్పుల ఫోటో ఒక పెద్ద సైట్‌లో, పేరెందుకు గానీ, ‘రైస్ ట్రాన్స్‌ప్లాంటింగ్ ఇండియా’ అని కొడితే మొదటి వరసలో మూడోది. ఆ ఒక్క ఫోటో మీద వచ్చే డబ్బుతో స్టూడియో అద్దె గడిచిపోయేది.

రెండేళ్ల కిందట ఒక మంగళవారం నుంచి అది పోలేదు గానీ కనబడటం మానేసింది. బావ లెక్కపెట్టి చెప్పాడు, పదకొండో పేజీ. ఫోటో అదే, కీవర్డులు అవే, ధర అదే. ఎవరి నుంచీ ఉత్తరం ముక్క లేదు. ఎప్పుడు ఏం మారుస్తున్నారో ముందుగా చెప్పే అలవాటు ఈ వ్యాపారంలో పెద్దగా లేదు. ఐస్టాక్‌లో మామూలుగా వచ్చే వరసని ‘బెస్ట్ మ్యాచ్’ అంటారు. అక్కడ అమ్ముకునేవాళ్లు ‘బెస్ట్ మ్యాచ్ కదిలింది’ అని, భూకంపం గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్లు.

“ఏరా, మీ పనే కదా ఇది. నా ఫోటోకి ఏం రోగమో చెప్పు” అన్నాడు బావ. ఫోటోకి ఏ రోగమూ లేదని చెప్పడం తేలికే. మరి ఇన్నాళ్లూ ముందు ఎందుకుందో చెప్పడమే కష్టం.

2006లో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం అచ్చేశారు. పేరులేని బ్యాండ్లవి 48 పాటలు తీసుకుని ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. 14 వేల మందికి పైగా వచ్చి విని, నచ్చినవి దించుకున్నారు. వచ్చినవాళ్లలో కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లని 8 వేర్వేరు లోకాలుగా విడగొట్టి, తమ లోకంలో ఏ పాటని ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. లోకానికో పాట పైకెక్కింది. బాగా మంచి పాటలు అట్టడుక్కి పోవడం అరుదు, బాగా చెత్తవి పైకి రావడమూ అరుదు. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగొచ్చు. స్టాక్ ఫోటోల్లో దాదాపు అన్నీ ఆ మధ్యలోవే, బావ ఊడ్పులతో సహా. ఎప్పుడో మొదట్లో ఎవరో ఇద్దరు ముగ్గురు దించుకున్నారు, కాస్త పైకొచ్చింది, పైన ఉంది కాబట్టి ఇంకొందరు దించుకున్నారు. ఆ ఎనిమిదింటిలో ఇంకో లోకమైతే పక్క జిల్లా ఫోటోగ్రాఫర్ ఎవరిదో ఆ చోట ఉండేది.

ఈ మాట బావతో అనలేదు. ఏళ్ల తరబడి అద్దె కట్టిన ఫోటోని పట్టుకుని నీ అదృష్టం అనడానికి నాకు నోరు రాలేదు.

మా వైపు వాదన కూడా ఉంది, అది తీసిపారేసేది కాదు. పాత అమ్మకాలని బట్టే వరస పెడుతూ పోతే కొత్తగా వచ్చినవాడికి ఎప్పటికీ చోటుండదు. 2016 నవంబర్ 8 రాత్రి పాత ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. చరిత్రని మాత్రమే నమ్ముకున్న సెర్చ్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ‘ఇండియన్ మనీ’ అని కొడితే, ఏళ్ల తరబడి అమ్ముడైన పాత నోట్ల బొమ్మలే తెల్లారీ ముందు నిలబడతాయి. అందుకే ఏదో ఒక పాళ్లలో కొత్తవాటిని పైకి తెచ్చి చూపించి, జనం నొక్కుతారో లేదో చూడాలి. చూపించినా నొక్కకపోతే కిందకి దించాలి. ఎవరినో ఒకరిని కిందకి జరపకుండా ఇంకొకరిని పైకి తేవడం కుదరదు, తెర మీద ఉన్న చోటు అంతే కాబట్టి.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. కొత్త వరస తేవాలంటే మేం కొనేవాళ్లని రెండు సగాలు చేస్తాం. ఒక సగానికి పాత వరస, ఇంకో సగానికి కొత్త వరస చూపిస్తాం. రెండు మూడు వారాల తర్వాత మీటింగ్‌లో గ్రాఫ్ తెరుస్తాం. కొత్త సగంలో కొనుగోళ్లు రవ్వంత ఎక్కువుంటే అందరూ బొటనవేలు ఎత్తుతారు, అయిపోయింది. ఆ గ్రాఫ్‌లో ఉన్నది మొత్తం. ఒకడికి పోయిన ఇరవై వేలు, ఇంకొకడికి వచ్చిన ఇరవై వేలు ఆ మొత్తంలో కలిసి సున్నా అయిపోతాయి. మొత్తం మారలేదంటే ఎవరికీ ఏమీ కాలేదని కాదు. రావులపాలెంలో ఒక షట్టర్ దిగిపోయి ఉండొచ్చు, మనకి ఏ ఊరో తెలియని చోట ఒక కొత్త లెన్స్ కొని ఉండొచ్చు. గీత మాత్రం నిటారుగా, ప్రశాంతంగా ఉంటుంది. ఆ గీత గురించి ఇంజనీర్లు అబద్ధం చెప్పరు. దాని కింద ఎవరెవరు తారుమారయ్యారని అడిగే అలవాటు మాత్రం నేను కూర్చున్న మీటింగుల్లో చూడలేదు. కొనేవాడి మీద వంద కొలతలుంటాయి. అమ్మేవాడి మీద ఉండేది ఒక్కటే, సరుకు తగ్గిందా పెరిగిందా అని. సరుకు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది.

కారణం తెలియనివాడు కారణాలు అల్లుకుంటాడు. బావ ఆ ఫోటోని తీసేసి మళ్లీ ఎక్కించాడు. దాంతో ఉన్న కాస్త చరిత్ర కూడా పోయింది. శుక్రవారం ఎక్కిస్తే మంచిదని ఎవరో చెప్పారట, కొన్నాళ్లు అదీ చేశాడు. వాళ్ల నాన్న, అంటే మా మావయ్య, కార్తెల లెక్కన వ్యవసాయం చేసిన మనిషి. మృగశిర ఎలా ఉంటే ఏం చెయ్యాలో ఆయనకి సామెతలున్నాయి. ఆ సామెతలు వందల ఏళ్లు నిలబడ్డాయంటే కార్తెలు ఏటా వచ్చే వేళకే వచ్చాయి కాబట్టి. సెర్చ్ అలా రాదు. బావ కనిపెట్టిన ఏ సూత్రమైనా, సామెత అయ్యేలోపు లెక్క మారిపోతుంది.

మాటల సంగతి ఇంకా చిత్రం. ఫోటోకి దానంతట అది నోరు లేదు, కీవర్డులే నోరు. షటర్‌స్టాక్‌లో 50 దాకా పెట్టొచ్చు, అడోబీ స్టాక్‌లో 49. అడోబీలో వరస కూడా ముఖ్యం, మొదటి పదింటికీ బలం ఎక్కువ. బావ రాసేవన్నీ ఇంగ్లీషులో. ఇప్పుడు గోంగూరకి ఏం రాస్తారు? ‘రోజెల్’ అంటే ఎర్ర పూల టీ తాగేవాళ్లు వస్తారు. ‘కెనాఫ్’ అంటే నార కోసం వెతికేవాళ్లు వస్తారు. ‘సారెల్’ అంటే అది అసలు వేరే ఆకు. ‘గోంగూర’ అనే పెడితే అది కొట్టేవాడు హైదరాబాద్‌లో ఎక్కడో రెస్టారెంట్ మెనూ చేస్తున్న కుర్రాడు. వచ్చేది ఒక్కడే, కానీ వచ్చాడంటే కొంటాడు. అక్షరాన్ని అక్షరంతో కలిపి చూసే పాత సెర్చ్‌లో ఆ ఒక్కడికీ బావకీ మధ్య ఎవరూ అడ్డొచ్చేవారు కాదు. కొత్త పద్ధతుల్లో యంత్రం మాటతో పాటు బొమ్మనీ చూస్తుంది, దగ్గరి అర్థాలు పట్టుకుంటుంది. తెలివైనదే. ఆ తెలివితో గోంగూర అంటే ఏదో పచ్చటి ఆకుకూర అని అర్థం చేసుకుని, నాకొకసారి పాలకూరని ముందు నిలబెట్టింది. పాలకూర ఫోటోలు ఎన్నున్నాయో, ఎన్నిసార్లు అమ్ముడయ్యాయో ఊహించుకోండి. వాటి ముందు మా గోంగూర ఎంత!

ఆత్రేయపురం పూతరేకులకి బావ ‘పేపర్ స్వీట్’ అని రాశాడు. మనవాళ్లు ఇంగ్లీషులో అలాగే అంటారు కదా. అది కాగితాలు వెతికేవాళ్లకి కూడా కనిపించడం మొదలైంది. వాళ్లు నొక్కలేదు. నేను చూసిన సిస్టమ్స్‌లో నొక్కని ప్రతి దర్శనమూ ఆ వస్తువు ఖాతాలో తప్పుగానే పడుతుంది. పేరు ఒక మాట అటూ ఇటూ అయినందుకు పూతరేకులు చెడ్డ కాగితంలా లెక్కకొచ్చాయి. అనువాదం గురించి ఇన్ని వ్యాసాలు చదివాను, చెడ్డ అనువాదానికి ఇంత ఖచ్చితంగా జరిమానా కట్టించిన విమర్శకుణ్ణి మాత్రం చూడలేదు.

ఇప్పుడు బావ కెమెరా ఎటు తిరుగుతుందో చూస్తే నాకు కొంచెం దిగులు. కొబ్బరికాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్, చీర కట్టుకుని లాప్‌టాప్ ముందు అమ్మాయి, తెల్లకోటులో డాక్టరు. అవి అమ్ముడవుతాయి, అద్దె కట్టాలి, నేను కాదనలేను. కానీ ఆయన ఏది చూసి ఆగుతాడో అదే మారిపోయింది. ఇంతకుముందు కాలవగట్టు మీద బండి ఆపేవాడు. ఇప్పుడు ఆపేముందు ఫోన్ తీసి, అలాంటివి పైన ఎన్ని ఉన్నాయో చూస్తాడు.

దీనికి తోడు యంత్రం గీసిన బొమ్మలు వచ్చాయి. 2022 సెప్టెంబర్‌లో గెట్టీ వాటిని వద్దంది, డిసెంబర్‌లో అడోబీ స్టాక్ రమ్మంది. మొన్న ఊడ్పుల కోసం వెతుకుతుంటే పై వరసలో ఒక బొమ్మ కనిపించింది. బంగారు ఎండ, మడతనలగని చీరలు, వంగిన నలుగురు నవ్వుతున్నారు. నాటుతున్న చేతుల్లో పండిన కంకులు! బావకి పంపించాను. చాలాసేపటికి “ఊడుస్తున్నారా, కోస్తున్నారా?” అని ఒక్క ముక్క రాశాడు. బెర్లిన్‌లో కూర్చున్న డిజైనర్‌కి ఆ తేడా తెలియాల్సిన పనిలేదు. అతను నొక్కుతాడు. ఆ నొక్కుడు చూసి సెర్చ్ ఇంకాస్త పైకి తీసుకెళ్తుంది.

పాత ఫోటోలో నిటారుగా నిలబడ్డామె, ప్రకటనల్లో వాడుకోవడానికి ఒప్పుకుంటూ ఇంగ్లీషు ఫారం మీద తెలుగులో సంతకం పెట్టింది. బావ అప్పుడు ఒక్కొక్కరికీ ఒకరోజు కూలి ఇచ్చాడు. ఊడ్పులకి వచ్చినప్పుడల్లా ఆమె అడుగుతుందట, “బాబూ, మా పోటో ఇంకా తిరుగుతుందా?” అని. తిరుగుతుందనే చెబుతాడు.

ఈ దాళ్వాకి మళ్లీ వెళ్లాడు. నలభై ఫోటోలు పంపించాడు. ఒకదాంట్లో ఆమే, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్ చెవికి ఆనించుకుని, మోకాళ్ల లోతు బురదలో ఎవరి మీదో గట్టిగా అరుస్తోంది. అమ్ముడవుతుందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను, నిజంగానే తెలియదు. కీవర్డులు ఇద్దరం ఫోన్లో కూర్చుని రాశాం. ‘ఫార్మర్’, ‘ఉమన్’, ‘మొబైల్ ఫోన్’, ‘ప్యాడీ ఫీల్డ్’... ఏడోది ‘ఊడ్పులు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.

“మొదటి పదిలో ఎందుకురా అది? ఎవడు కొడతాడు?” అన్నాడు.

“ఉండనీ బావా” అన్నాను.

కాసేపు ఆలోచించి దాన్ని పదకొండో చోటుకి జరిపాడు. తీసెయ్యలేదు.