పోలిక పట్టడం

జాతరలో వేలమంది మధ్య నడుస్తున్నా, ఎప్పుడో చిన్ననాడు కలిసి చదువుకున్న మనిషి ఎదురైతే మన చూపు అక్కడే ఆగిపోతుంది. జుట్టు నెరిసినా, ఒళ్ళు చేసినా, కళ్ళజోడు వచ్చినా పోల్చుకుంటాం. ఎలా పోల్చుకున్నావని ఎవరైనా అడిగితే మాత్రం జవాబు చెప్పలేం. ముక్కును బట్టా, కళ్ళను బట్టా అంటే అదీ కాదు, ఇదీ కాదు. అన్నీ కలిసి ఒక్కసారిగా తెలిసిపోతాయి. అలాగే వీధిలో దుకాణం బోర్డు కంటబడితే దానిని చదవకుండా ఉండలేం. చదవాలని అనుకునేలోగానే చదివేసి ఉంటాం. ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికం గురించే ఈ నాలుగు మాటలూ.

ముఖాలను గుర్తుపట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. పుట్టి కొద్దిసేపయిన పసికందు కూడా తక్కిన ఆకారాలకన్నా ముఖాన్ని పోలిన ఆకారం వైపే ఎక్కువగా చూస్తుంది. అయితే ముఖాన్ని మనం విడి భాగాలుగా కాక మొత్తంగా చూస్తాం. దీనికి 1980లో పీటర్ థాంప్సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక తమాషా నిదర్శనం చూపించాడు. మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్ళనూ నోటినీ మాత్రం కత్తిరించి, తలక్రిందులుగా అతికించాడు. ఆ ఫోటోను తిరగేసి పట్టుకుని చూస్తే పెద్ద తేడా ఏమీ కనిపించదు. నిటారుగా పెడితే రాక్షస రూపం! తలక్రిందులైన ముఖంలో భాగాలు కనిపిస్తాయే గాని వాటి పొందిక మనకు అందదు.

మెదడులో కొంత మేర దెబ్బతింటే ఈ విద్య పోతుంది. తలకు తుపాకిగుండు తగిలిన ఒక యువకుడు తనవాళ్ళ ముఖాలనే కాక అద్దంలో తన ముఖాన్ని కూడా గుర్తుపట్టలేకపోయిన వైనాన్ని 1947లో జర్మన్ వైద్యుడు యోవాఖిమ్ బోడమర్ వివరించి, ఆ స్థితికి ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. అటువంటివారు మనిషిని గొంతును బట్టో, నడకను బట్టో పోల్చుకుంటారు. ఇతరుల మెదళ్ళ వింతల గురించి పుస్తకాలు వ్రాసిన ఆలివర్ శాక్స్‌కు పుట్టుకతోనే ఈ లోపం ఉండేది. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం మెదడు అడుగుభాగాన, వెనుకవైపు, ముఖాలు చూసినప్పుడు ప్రత్యేకంగా చురుకయ్యే ఒక చోటును గుర్తించింది. చాలామందిలో అది కుడి అర్ధగోళంలో బలంగా ఉంటుంది.

ఇక అక్షరాల సంగతి. వ్రాత పుట్టి సుమారు అయిదు వేల ఏళ్ళే అయింది. అందులోనూ నిన్నమొన్నటి దాకా చదవడం వచ్చినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా కొద్దిమందే. చదువు కోసమని మెదడులో ఒక భాగం ప్రత్యేకంగా పరిణమించడానికి ఈ వ్యవధి ఎంతమాత్రమూ చాలదు. అయినా చదవడం వచ్చినవారి మెదడులో, ముఖాలు గుర్తించే చోటుకు దాదాపు అద్దంలో ప్రతిబింబంలా, ఎడమ అర్ధగోళంలో వ్రాసిన మాటలకు స్పందించే చోటు ఒకటి ఉంటుంది. తెలుగు చదివినా, చీనా లిపి చదివినా ఇంచుమించు అదే చోటు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు లారాఁ కోఎన్, స్తానిస్లాస్ దెహెన్ 2000లో దీనిని వివరించారు. వేరే పనికోసం ఏర్పడ్డ ఇంటిని అక్షరాలు అద్దెకు తీసుకున్నాయని దెహెన్ వాదన సారాంశం.

మరి అద్దెకు దిగినవాళ్ళు పాత కాపురస్థులను కొంత ఇరుకున పెట్టరా? 2010లో బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మంది పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో, చదువు వచ్చినకొద్దీ ఆ ఎడమవైపు చోట ముఖాలకు స్పందన కాస్త తగ్గినట్టు కనిపించింది. కాని 2019లో వెలువడిన మరో పరిశోధన ఈ మాటను ఒప్పుకోలేదు. లక్నో దగ్గరి పల్లెల్లో అక్షరం ముక్క రాని పెద్దలకు ఆరు నెలలపాటు దేవనాగరి నేర్పి చూస్తే, అక్షరాలు వచ్చాయే గాని ముఖాలకు చోటు తగ్గలేదట. ఈ రెండు అధ్యయనాల్లోనూ నాకు నచ్చిన విషయం ఒకటే. పెద్ద వయసులో బడికి వెళ్ళినా మెదడు అక్షరానికి చోటిస్తుంది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రిబడులకు వెళ్ళిన ఆడవాళ్ళను తలచుకోండి. వాచకంలో సీతమ్మ కథ చదివిన దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం పెరిగి పెద్దదై 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది.

మన లిపి చదివేటప్పుడు ఈ పోలిక పట్టడం ఎంత సున్నితమైన పనో గమనించండి. ‘ధ’కూ ‘థ’కూ తేడా కడుపులో ఒక్క చుక్క. ‘వు’లో కొమ్ము క్రిందికి దిగుతుంది, దానిని ప్రక్కన పెడితే ‘మ’లాగా కనిపిస్తుంది. మాటలో మొదటి, చివరి అక్షరాలు సరిగ్గా ఉంటే మధ్యవి తారుమారైనా చదవగలమంటూ 2003లో ఇంగ్లీషులో ఒక ఈమెయిలు లోకమంతా తిరిగింది. తెలుగులో ప్రయత్నించి చూడండి. ‘వియజవాడ’ అని వ్రాస్తే విజయవాడ అనే చదివేస్తాం. అదే అక్షరాలను వరుసలోనే ఉంచి, గుణింతపు గుర్తులను మాత్రం అటూ ఇటూ జరిపి ‘వజియావడ’ అంటే చూపు తడబడుతుంది. కళ్ళూ ముక్కూ ఉన్నాయి, పొందిక లేదు.

ఈ పొందిక పోవడమంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. నాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు ఉదయం పేపరు చేతిలోకి తీసుకుని, “కన్నడం పేపరు వేసిపోయాడేమిటిరా!” అన్నారు. అది ఆయన రోజూ చదివే పేపరే. ఆయన మాట స్పష్టంగానే ఉంది. మమ్మల్నందరినీ పేరుపేరునా పలకరించారు. గోడ మీది తాతగారి ఫోటోను చూపిస్తే గుర్తుపట్టారు. కాగితం ఇస్తే, తమ చక్కని దస్తూరీలో నా పేరూ ఊరి పేరూ వ్రాశారు. పది నిమిషాల తర్వాత అదే కాగితం చూపించి చదవమంటే చాలాసేపు దానివంక చూసి, “అక్షరాలేనని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు” అన్నారు.

మెదడులో ఎడమవైపు వెనుక భాగానికి రక్తం అందకపోవడమే కారణమని డాక్టరు చెప్పారు. సరిగ్గా ఇదే స్థితిని 1892లో పారిస్‌లో ఝూల్ దెజెరీన్ అనే వైద్యుడు వర్ణించాడని నాకు తరువాత తెలిసింది. 1887 అక్టోబరులో ఆయన రోగి ఒకాయనకు ఉన్నట్టుండి చదువు పోయింది. వ్రాయగలడు, అంకెలు గుర్తుపట్టగలడు, తాను వ్రాసినది మాత్రం చదవలేడు. అక్షరం చుట్టూ వేలితో దిద్దితే అదేమిటో చెప్పగలిగేవాడట.

నాన్నగారికి ఆ దారి ఎవరూ చూపలేదు. నా కూతురికి అప్పుడు అయిదేళ్ళు. పలక మీద గుణింతాలు దిద్దుతూ ఉంటే తాతయ్య ప్రక్కన కూర్చుని, అది దిద్దిన అక్షరం మీదే తన చూపుడువేలు నడిపించేవారు. వేలు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి “క” అనేవారు. కళ్ళు మరచిపోయినదానిని చెయ్యి మరచిపోలేదు. ఎందరో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. కొన్నాళ్ళకు ఎడమ అరచేతిలో కుడి వేలితో వ్రాసుకుంటూ రోజుకొక శీర్షిక చదివేవారు. పూర్తి వార్త మళ్ళీ ఎన్నడూ చదవలేకపోయారు. మిగిలినది మేము చదివి వినిపించేవాళ్ళం. మధ్యలో ఉచ్చారణ తప్పితే మాత్రం వెంటనే దిద్దేవారు!

పళ్ళెంలో బియ్యం పోసి పసివాడి చేత ‘ఓం’ వ్రాయించే మన పెద్దలకు మెదడు నిర్మాణం తెలిసి ఉండకపోవచ్చు. కాని అక్షరాన్ని కంటికన్నా ముందు చేతికి పరిచయం చేశారు. కీబోర్డు నొక్కి నేర్చుకున్నవాళ్ళకన్నా చేత్తో వ్రాసి నేర్చుకున్న పిల్లలు, అందులోనూ కాస్త పెద్ద పిల్లలు, అక్షరాలను బాగా గుర్తుపట్టారని 2005లో ఫ్రాన్సులో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది.

ముఖాలను పోల్చుకునే శక్తిని ప్రకృతి మనకు ఊరికే ఇచ్చింది. అక్షరాలను పోల్చుకునే శక్తిని మాత్రం ప్రతివారూ పలక అరిగేదాకా దిద్ది సంపాదించుకున్నదే. అది ఎప్పుడైనా చేజారవచ్చు. ఏ వయసులోనైనా, వేలెడంత మేరకైనా, మళ్ళీ సంపాదించుకోనూ వచ్చు. ఈ టపాను మీరు ఏ ప్రయాసా లేకుండా ఇంతవరకూ చదివారంటే, ఎప్పుడో ఒకనాడు మీ చెయ్యి పట్టుకుని ఎవరో ‘అ’ దిద్దించి ఉంటారు.