ప్లేటు ఇంకా దిగుతూనే ఉంది

చాలామంది అడుగుతున్నారు, అమెరికాలో సివిల్ వాళ్లకి పనేంటి అని. మేం ముగ్గురం సాల్ట్ లేక్ లోయలో ఒక రైల్వే వంతెన అప్రోచ్ దగ్గర ఫీల్డ్ ఇంజనీర్లం. పొద్దున్నే ఆరింటికల్లా హెల్మెట్ పెట్టుకుని, మట్టికట్ట ఎంత దిగిందో లెవెల్ తీసి రాసుకుంటాం. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ, "దానికా నాయనా అంత దూరం పోయింది?" అంది.

ఊళ్లో బస్సెక్కిన వాళ్లందరికీ తెలిసిందే, వంతెన మొదట్లో బండి దడేల్మంటుంది. వంతెన పైల్స్ మీద ఉంటుంది కాబట్టి పెద్దగా దిగదు. దాన్ని చేరే కట్ట మట్టి మీద ఉంటుంది, దిగుతుంది. ఆ కట్టని రెండు పక్కలా పట్టుకునే రిటైనింగ్ గోడ కూడా దాంతోపాటే దిగుతుంది. గోడ కింద సన్నగా కాంక్రీట్ పట్టీ ఒకటి కనిపిస్తుంది. చూసినవాళ్లు అదే పునాది అనుకుంటారు. కాదు, పలకలు వరసగా నిలబెట్టడానికి వేసింది అంతే. అసలు పునాది కింద ఉన్న మట్టే.

ఇక్కడ మట్టేమో ఒకప్పటి బోన్‌విల్ సరస్సు అడుగున పేరుకున్న బంకమన్ను. పెరుగు మూటగట్టి వేలాడదీస్తే నీళ్లు బొట్టుబొట్టుగా కారతాయి చూడండి, బరువు పడితే ఇదీ అంతే. అందుకే ముందు భూమిలోకి పట్టీల్లాంటి డ్రెయిన్లు దించుతారు. నీరు పోవాల్సిన దూరం సగమైతే పట్టే కాలం నాలుగో వంతవుతుంది. 2002 వింటర్ ఒలింపిక్స్‌కి ముందు ఇక్కడి ఐ-15 హైవే తిరిగి కట్టినప్పుడు ఈ డ్రెయిన్లూ వాడారు, కొన్నిచోట్ల మట్టి బదులు తేలికైన జియోఫోమ్ దిమ్మెలూ పేర్చారు. మా దగ్గర డ్రెయిన్లు, పైన అదనపు మట్టి, ముందువైపు తాత్కాలికంగా వైరు మెష్. కట్ట దిగడం ఆగాకే కాంక్రీట్ పలకలు.

గొడవంతా ఆ "ఆగాక" దగ్గరే.

వంతెన పక్క ప్లేటు నిలిచిపోయింది. అరవై అడుగుల అవతలిది మాత్రం వారానికి పావంగుళం పైనే దిగుతోంది. అక్కడ బంకపొర మందం ఎక్కువ, బోర్ లాగ్‌లోనే ఉంది. 1978లో అసావోకా అనే జపాన్ ఆయన ఇచ్చిన పద్ధతిలో గీత గీస్తే ఇంకా రెండున్నర అంగుళాలు మిగిలున్నట్టు వచ్చింది. మా డ్రాయింగ్‌లో ఒక్క అంగుళమే రాసుంది.

మేనేజర్ వచ్చి, ఈ శుక్రవారం రిలీజ్ లెటర్ కావాలన్నాడు. ఆయన లెక్క తప్పు కూడా కాదు, అదే మమ్మల్ని తికమక పెట్టింది. ఐదడుగుల చదరం పలకలకి ఆష్టో ఒప్పుకునేది వందకి ఒకటి, అంటే వంద అడుగుల పొడవులో అడుగు తేడా. అరవై అడుగుల్లో రెండున్నర అంగుళాలంటే దాదాపు 290కి ఒకటి. గోడకి ఏమీ కాదు.

కానీ పైన పోయేది రైలు కదా. ఇక్కడి ఫెడరల్ రూల్‌లో క్లాస్ 4 పట్టాకి 62 అడుగుల తాడు పట్టి చూస్తే మధ్యలో తేడా 2 అంగుళాలు దాటకూడదు, క్లాస్ 5కి అంగుళంపావే. అది కూడా కొత్తగా కట్టడానికి పెట్టుకునే లెక్క కాదు, దాటితే బండి స్పీడు తగ్గించాల్సిన గీత. పట్టాల కింద కంకర కొట్టి ఎత్తొచ్చు, నిజమే. ప్రతిసారీ లైను ఆపాలి, ఆ పని ఎవడు చేస్తాడు?

రాత్రి మా గదిలో పప్పన్నం కలుపుకుని కూర్చున్నాం కానీ ఎవరికీ ముద్ద దిగలేదు. మాలో చిన్నోడికి హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు. "అన్నా, నా పేరు లేకుండా పంపండి" అన్నాడు. తప్పనిపించలేదు మాకు. చివరికి ఇద్దరి పేర్లతో, రీడింగులన్నీ పెట్టి, అంగుళం లోపు వచ్చేదాకా ఆగాలని మెయిల్ పెట్టాం. పది నిమిషాలకి వాడే మూడో పేరు కూడా చేర్చి పంపాడు.

ఆరు వారాలు ఆపారు. ఆ ఆరు వారాల్లో ఇంకో అంగుళం ముప్పావు దిగింది. మా ఓవర్‌టైమ్ పోయింది, తర్వాతి ప్రాజెక్టు లిస్టులో మా పేర్లు లేవు. ఎక్స్‌టెన్షన్ మాత్రం పోయిన నెల వచ్చింది, ఆ రోజు బిర్యానీ వండుకున్నాం.

సోమవారం కంకర పోస్తున్నారు. ప్లేటు రాడ్లు కోసేస్తారు, ఇక పట్టా మీదే లెవెల్స్ తీయాలి. ఐదింటికి లేవాలి, పడుకుంటున్నాం.