బంతికి అడ్రసు

మా అమ్మ డెబ్బై మూడో ఏట గోల్ఫు పాఠాలు వింటోందంటే మా పటమటలో నమ్మినవాళ్ళు లేరు. పక్కింటి పిన్నిగారైతే సగమే విని, "గల్ఫా? ఈ వయసులో గల్ఫెందుకే మీ అమ్మకి, ఏం లోటొచ్చిందని?" అని పరుగెత్తుకొచ్చింది. గల్ఫు కాదు పిన్నీ, గోల్ఫు అని చెబితే ఆవిడ ఖంగారు తగ్గలేదు సరికదా, ఇంకొంచెం పెరిగింది.

దీనికి కారణం నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పోయిన ఏడాది మా నాన్నగారు పోయారు. అమెరికా నించి తమ్ముడూ, వాడి కొడుకూ వచ్చారు. పిల్లాడికి పదిహేనేళ్ళు. తెలుగు అర్థం కాదు. నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ పది రోజులూ వాళ్ళిద్దరి మధ్యా నేనే దుబాసీని. ఒక సాయంత్రం వరండాలో, నాన్నగారి పడక్కుర్చీ పక్కన నిలబడి వాడు నెమ్మదిగా, "నాకు తాతయ్య అసలు తెలియనే తెలియదు" అని ఇంగ్లీషులో అన్నాడు. అమ్మ నా మొహం కేసి చూసింది. నేనేం చెప్పానంటారా? "తాతయ్య బాగా గుర్తొస్తున్నారుట" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. రాత్రి పక్కలు వేస్తూ మాత్రం, "వాడి మొహం ఒకటి చెప్పింది, నువ్వొకటి చెప్పావు. నవలలు రాసేదానివి, కల్పించడం నీకలవాటే" అంది.

వాళ్ళు వెళ్ళిన నెలకి నన్ను ఇంగ్లీషు నేర్పమంది. బజారు నించి పుస్తకం తెచ్చాను. మొదటి పాఠంలో పిల్లి, రెండో పాఠంలో దాని రంగు. "ఆ పిల్లి నాకూ వాడికీ ఏమవుతుందే?" అని పుస్తకం మూసేసింది. వాడు స్కూలు జట్టులో గోల్ఫు ఆడతాడని తమ్ముడు చెప్పగా విని, ఆ ఆట నేర్పే పాఠాలు నా ఫోనులో వస్తాయేమో చూడమంది.

చెప్పొద్దూ, భాష నేర్చుకోవడానికి ఇంత మంచి బడి ఉంటుందని నేననుకోలేదు. గోల్ఫు మేష్టారు ఒక్క మాటే పదిసార్లు అంటాడు. అన్నప్పుడల్లా చేసి చూపిస్తాడు. గ్రిప్పు అంటే చేతులు కనిపిస్తాయి, స్టాన్సు అంటే కాళ్ళు కనిపిస్తాయి. నిఘంటువు వెతుక్కునే పని లేదు. కర్ర మరీ బిగించి పట్టుకోకూడదని ఆయన చెబుతూంటే అమ్మ తలాడించి, "రోకలి సంగతీ అంతే. బిగిస్తే అరచేతులు బొబ్బలెక్కుతాయి, వదిలేస్తే కాలిమీద పడుతుంది" అంది. నడుం తిప్పి కొట్టాలన్నప్పుడు, వాళ్ళ ఊళ్ళో వరి పనలు బల్లకేసి కొట్టేవాళ్ళని తలుచుకుంది. తల దించి ఉంచమన్నప్పుడు మాత్రం కిసుక్కున నవ్వి, "మా చిన్నప్పుడు మాకు చెప్పిందంతా అదొక్కటేగా!" అంది.

బి.ఏ. చదివినదాన్ని కదా అని నేను గర్వంగానే కూర్చున్నాను. నాలుగో రోజుకి గర్వం దిగింది. బంతి ముందు కుదురుగా నిలబడి కర్ర ఆనించడాన్ని 'అడ్రసు' అంటారట! బంతికి అడ్రసేమిటి, ఉత్తరం రాస్తామా? 'లై' అంటే అబద్ధం కాదు, గడ్డిలో బంతి పడి ఉన్న తీరు. 'ఫ్యాటు' అంటే బంతికంటే ముందు నేలని కొట్టడం. 'స్లైసు' అంటే రొట్టెముక్క అనుకుంటాం. కుడిచేతివాడు కొట్టిన బంతి కుడికి వంకర తిరిగిపోతే అది స్లైసు, ఎడమకి తిరిగితే హుక్కు. తెలుసనుకున్న మాటలన్నీ నన్ను చూసి వెక్కిరించినట్టనిపించింది.

లెక్కలు ఇంకా తమాషా. ఒక్కో గుంటకీ ఇన్ని దెబ్బలని ఒక లెక్క ఉంటుంది, అది 'పార్'. దానికంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్. "తక్కువ కొట్టినవాడు గెలుస్తాడా? బుద్ధిమంతుల ఆటే" అంది అమ్మ. ఒకటి ఎక్కువైతే 'బోగీ'. ఆ మాట వినగానే మా బెజవాడవాళ్ళకి స్టేషనూ, రైలూ గుర్తు రాకుండా ఉంటాయా? అమ్మకైతే సంక్రాంతి ముందు మంట గుర్తొచ్చింది. తీరా చూస్తే అది బూచాడి పేరు! 1890ల్లో ఇంగ్లండులో ఒక బూచాడి పాట జనం నోళ్ళలో నానుతూండేదట, ఆటగాళ్ళని తరిమే లెక్కకి ఆ పేరు అంటుకుంది.

పట్టుకున్నది వదలని స్వభావం నాది, కాస్త చరిత్ర కూడా చదివాను. 1457లో స్కాట్లండు పార్లమెంటు గోల్ఫుని నిషేధించిందిట. కుర్రాళ్ళు గోల్ఫూ ఫుట్‌బాలూ పట్టుకుని విలువిద్య సాధన మానేస్తున్నారని! ఈ మాట చెబితే అమ్మ, "మన బెజవాడ పిల్లే నయం, విల్లు వదల్లేదు" అంది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖ గురించి లెండి. నిజానికి అమ్మ గోల్ఫు మైదానం ఒక్కసారే చూసింది, గోల్కొండ వెళ్ళినప్పుడు, నయా ఖిల్లా గోడల మధ్య. "ఇంత పచ్చిక! ఒక్క గేదె లేదు!" అని అప్పుడు నొచ్చుకుంది.

అమ్మకి బాగా పట్టుబడ్డ మాట 'ఫాలో త్రూ'. బంతి వెళ్ళిపోయాక కూడా కర్రని భుజం మీదిదాకా పోనివ్వాలి. పోయిన బంతి కోసం ఇంకా తిప్పడం దేనికంటుంది అమ్మ. బంతి దగ్గరే ఆపేద్దామనుకుంటే చెయ్యి ముందే జంకుతుంది, దెబ్బలో బలం ఉండదు అని, విన్నదే చెప్పాను. కాసేపాలోచించి, "సాగనంపడం అన్నమాట" అంది. చుట్టాలొచ్చి వెడుతూంటే నాన్నగారు గుమ్మంలోంచే సరే అనేసేవారు. అమ్మ మాత్రం ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే.

మొన్న ఆదివారం ఫోను మోగగానే నన్ను వంటింట్లోకి తరిమేసింది. పాలు పొయ్యి మీద పెట్టి చెవులు ఇటే వేశాను. "హౌ ఈజ్ యువర్ గ్రిప్?" అంది అమ్మ. అటునించి ఒక్క క్షణం చప్పుడు లేదు. తరవాత పిల్లాడు గలగలా మొదలెట్టాడు. అమ్మకి సగం కూడా తెలిసి ఉండదు. అయినా "స్లో, స్లో" అంటూ ఆపి ఆపి వింది. తాతయ్య ఏమైనా ఆడేవారా అని అడిగాడు వాడు.

"గూటీబిళ్ళ" అంది అమ్మ. ఫోను గోడకి ఆనించి, పప్పుగుత్తి పట్టుకుని లేచి నిలబడింది. "స్మాల్ స్టిక్. బిగ్ స్టిక్. తాతయ్య స్వింగ్... నో హెడ్ డౌన్. స్లైస్! కరణంగారి విండో, బ్రేక్. తాతయ్య రన్!"

ఈ కథ నేనెప్పుడూ వినలేదు. రెండుసార్లు అందిద్దామని నోరు తెరిచాను. మూసుకున్నాను.

వాడు పొట్ట పట్టుకుని నవ్వి, "నాయనమ్మా, వాట్స్ యువర్ హ్యాండిక్యాప్?" అన్నాడు. ఆ ఆటలో హ్యాండిక్యాపంటే లోపం కాదు, తక్కువవాడు ఎక్కువవాడితో సమంగా ఆడటానికిచ్చే దెబ్బల వెసులుబాటు. మేమింకా ఆ పాఠందాకా రాలేదు. అమ్మ ఈసారైనా నా వంక చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"నీస్" అంది. "బోత్."

పాలు పొంగి పొయ్యంతా అయిన సంగతి నేనప్పుడు చూసుకున్నాను.