అన్న హెల్మెట్టు

మా అన్న పాడేరులో ఒక వెల్డింగు షాపులో పని చేస్తాడు. నా పెన్నులు, నోటుపుస్తకాలు అన్నీ ఆ డబ్బుతోనే. పని కాగానే హెల్మెట్టుని వేడి ఇనుము మీదే పెట్టేవాడు. ప్లాస్టిక్కు వంగి, నల్లద్దం పక్కన సందు వచ్చింది. సన్న సందే కదా అన్నాడు. పగలంతా బాగానే ఉన్నాడు. రాత్రి కళ్ళల్లో ఇసక పోసినట్టుందని ఏడ్చాడు. అన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మమ్మ చనుపాలు పోయమంది. అమ్మ వినలేదు, ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

సైన్సు సారుని అడిగాను. ఆ వెలుగులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయంట. అవి కంటికి కనపడవు. తగిలిన కొన్ని గంటలకు గానీ నొప్పి తెలీదు. అందుకే ఎవరూ భయపడరు. రాడ్డు వెల్డింగుకి మామూలుగా 10, 11 నంబరు నల్లద్దం వాడాలి. కూలింగు గ్లాసులు పనికిరావు. నల్లద్దం ముందుండే తెల్లద్దానికి నిప్పురవ్వలు పడి మచ్చలైతే అదొక్కటే మార్చుకోవచ్చు. కానీ హెల్మెట్టే వంగినా పగిలినా కొత్తది కొనాల్సిందే.

షాపు యజమాని వచ్చే నెల చూద్దాం అన్నాడు. అమ్మ సంతలో పసుపు అమ్మి కొన్నది. ఇప్పుడు అన్న దాన్ని గోడ మేకుకి తగిలిస్తున్నాడు.

వచ్చే వారం మన హాస్టలు కిటికీలకు వెల్డింగు ఉందంట. మేడం, చిన్న తరగతుల పిల్లల్ని అటు చూడనివ్వకండి.

— 9వ తరగతి విద్యార్థిని