ఫాంటమా, క్వాథమా?

మా ఇంట తెల్లవారేది కాఫీతోనే. ముప్పది ఆరేండ్ల కాపురంలో ఈ మాట నేను ఎందరితోనో అన్నాను. అందులో ఒక అసత్యం దాగి ఉన్నదని నాకు ఈ మధ్యనే బోధపడినది. కాఫీతో తెల్లవారేది నాకు. నా భార్యకు అంతకు ముప్పావు గంట ముందే తెల్లవారేది. ఆ ముప్పావు గంటలో వంటింట ఏమి జరిగేదో నేను ఏనాడూ కన్నులారా చూచినవాడను కాను.

గత యేడు వానకాలంలో పెరటి గచ్చు మీద జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగినది. ఆరు వారాలు పిండికట్టు. అన్నం, కూరల సంగతి ఎదురింటి అమ్మాయి ఒకపూట, పూటకూళ్ళ క్యారేజీ ఒకపూట చూచుకొన్నారు. ఉదయపు కాఫీ మాత్రం నా వంతుకు వచ్చినది.

మాది ఇత్తడి ఫిల్టరు. మా అత్తగారు కాపురానికి పంపుతూ సామానులో పెట్టి ఇచ్చినది. రెండు గిన్నెలు, ఒకదానిపై ఒకటి. పై గిన్నె అడుగున సూది మొన వంటి రంధ్రాలు. పొడి వేసిన తరువాత దానిపై అణచుటకు గొడుగు వలె కాడ గల చిల్లుల బిళ్ళ. మరిగిన నీరు పోసి మూత పెట్టినచో బొట్టు బొట్టుగా క్రింది గిన్నెలోనికి డికాషన్ దిగుతుంది. చెప్పుటకు ఇంతే. పద్యానికి గణాలు చెప్పినంత సులభం, పద్యం వ్రాసినంత కష్టం.

మొదటినాడు బిళ్ళను బలంగా అణచినాను. గంటసేపటికి క్రింది గిన్నెలో చెంచాడు దిగినది. రెండవనాడు జాగ్రత్తపడి అసలు అణచలేదు. నీరంతా రెండు నిమిషాలలో జారిపోయి గోమూత్రపు రంగున నిలిచినది. మూడవనాడు డికాషన్ చక్కగా దిగినది గాని, వేడికి రెండు గిన్నెలూ బిగుసుకొని ఊడి రాలేదు. తువాలు చుట్టి శక్తి కొలది తిప్పినాను. అవి ఒక్కసారిగా విడిపోయి డికాషనంతా గోడకు, నా పంచెకు, పంచాంగానికి సమంగా పంచబడినది. గుమ్మంలో నిలిచి చూస్తున్న ఆమె, "బళ్ళో పిల్లల చెవులు కూడా ఇలాగే మెలితిప్పేవారా?" అన్నది.

తరువాత వారం దినాలు సీసాలోని తక్షణ కాఫీతో గడిపినాము. ఆమె ఏ మాటా అనకుండా త్రాగినది. ముప్పది ఆరేండ్ల అనుభవం ఉన్నవాడికి ఆ మౌనమే తీర్పు.

బెంగళూరులోని మా అమ్మాయి ఫోనులో, "నాన్నా, కరెంటు కాఫీ మేకరు కొనండి. నీళ్ళు, పొడి వేసి మీట నొక్కితే చాలు" అన్నది. సరే అని అంగడికి పోయినాను. అక్కడ నాలుగైదు రకాలు కనబడినవి. విద్యార్థిగా చేరిన ముదుసలిని గనుక ఒక్కొక్క దానినీ విప్పించి చూచినాను.

వీటన్నిటి కిటుకు ఒక్కటే. వెనుక తొట్టిలో పోసిన చన్నీరు, వెనుకకు మరలనీయని చిన్న కవాటం గుండా అడుగున ఉన్న సన్నని గొట్టంలోనికి దిగుతుంది. గొట్టాన్ని అంటి వేడిచేసే తీగ ఉంటుంది. నీరు మరుగగా పుట్టిన బుడగలు ఆ నీటిని పైకి త్రోసి పొడి ఉన్న బుట్టపై చిలకరిస్తాయి. ఇందులో మోటారు లేదు, పంపు లేదు. ఎసరు పొంగి మూతను ఎత్తినట్లే ఆవిరి నీటిని ఎత్తుతున్నది. ఆ తీగయే క్రింది పలకను కూడా కాచి గాజు కూజాను వెచ్చగా ఉంచుతుంది.

కనుక ఎన్నుకొనవలసినవి మూడు విషయాలని తేలినది. మొదటిది, కూజా. గాజుకూజా అయితే క్రింద వేడి పలక ఉండి తీరవలెను. ఆ పలకపై అరగంట మించి ఉన్న కాఫీ మాడు చేదుకు వస్తుంది. రెండు పొరల ఉక్కు కూజా అయితే పలక అక్కరలేదు గాని వెల హెచ్చు. రెండవది, వడపోత. కాగితమా, సన్నని జల్లెడా? కాఫీగింజలలోని ఒకానొక నూనె రక్తంలో కొలెస్ట్రాలును పెంచుతుంది. కాగితం దానిని చాలావరకు పట్టి ఉంచుతుంది, లోహపు జల్లెడ విడిచిపెడుతుంది. రాత్రిపూట కొలెస్ట్రాలు మాత్ర మింగేవాడను గనుక నేను కాగితం వైపు మొగ్గినాను. మూడవది, తనంతట ఆగిపోయే ఏర్పాటు. మరపు వచ్చే వయసులో ఇది అన్నిటికంటె ముఖ్యం. వెల చూచి చివరకు గాజుకూజా కలిగి, అరగంటకు తనంతట ఆగిపోయే చిన్న యంత్రాన్ని తెచ్చినాను.

ఆ కాగితానికి ఒక కథ ఉన్నది. 1908లో జర్మనీ దేశపు డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అను గృహిణి, కాఫీలో పొడి నలుసులు వచ్చుట చూచి విసిగి, ఒక ఇత్తడి గిన్నెకు మేకుతో చిల్లులు పొడిచి, కుమారుని బడి పుస్తకంలోని అద్దుడు కాగితం చింపి అందులో పరచి వడగట్టినది. దానికి పేటెంటు పొంది వ్యాపారమే స్థాపించినది. ఆమె పేరిట ఆ సంస్థ నేటికీ ఉన్నది. కరెంటుతో నడిచే బొట్ల యంత్రం తరువాత చాలాకాలానికి, 1954లో అదే దేశంలో గాట్లోబ్ విడ్‌మన్ చేతిలో వచ్చినది. అమెరికాలో 1972లో మిస్టర్ కాఫీ వచ్చిన పిదప ఇది ఇంటింటి వస్తువైనది. ఇత్తడి గిన్నె, చిల్లులు, తల్లి, బడిపిల్లవాడు! నలుబది ఏండ్లు పిల్లల నోటుపుస్తకాల మధ్య బ్రతికినవాడికి ఇది పరాయి దేశపు కథ వలె తోచలేదు.

పండిత శిక్షణ పొందిన వాడికి వస్తువు ఇంటికి వచ్చిన వెంటనే పుట్టే దురద దానికి పేరు పెట్టుట. అక్కడనే చిక్కు వచ్చినది. మనం డికాషన్ అని నోరారా పిలిచే మాటకు లాటిన్ మూలంలో 'మరిగించి ఇంకించుట' అని అర్థం. మన ఆయుర్వేదంలో శార్ఙ్గధర సంహిత ఐదు కల్పనలు చెప్పినది: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. ఓషధిని నీటిలో వేసి మరిగించి ఇంకించినది క్వాథం. చన్నీట రాత్రంతా నానబెట్టి వడగట్టినది హిమం. పొడిపై వేడినీరు పోసి కొంతసేపటికి వడగట్టినది ఫాంటం. ఫిల్టరులో పొడిని మరిగించము, మరిగిన నీటిని పోస్తాము, అంతే. కాబట్టి తరతరాలుగా మనం త్రాగుతున్నది డికాషన్ కానే కాదు, శుద్ధమైన ఫాంటం. నేటి యువకులు కోల్డ్ బ్రూ అని గొప్పగా త్రాగేది హిమం.

ఈ ఆవిష్కరణను ఆమెకు ఉత్సాహంగా వినిపించి, యంత్రానికి 'ఫాంటస్రావణి' అని నామకరణం చేసినాను. "పేరు బాగుందండీ. కాఫీ ఎప్పుడు?" అన్నది.

మొదటి కాఫీ రానే లేదు. మా ఇంట ఉన్నది ఫిల్టరుకు తగినట్లు సన్నగా ఆడించి చికోరీ కలిపిన పొడి. చికోరీ ఒక మొక్క వేరు. వేచి పొడిచేసి కలుపుతారు. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. చికోరీ నీటిలో తేలికగా కరిగి రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుంది. ఇత్తడి ఫిల్టరులో అది గుణం, కాగితంలో దోషం. ఆ మెత్తని బురద కాగితపు రంధ్రాలను మూసివేసినది. పైనుండి నీరు వస్తూనే ఉన్నది, క్రిందికి దిగుటలేదు. బుట్ట పొంగి వంటింటి బల్ల అంతా ఫాంటస్రావణమైనది.

మరునాడు గింజలు వేచి మర ఆడించే అంగడికి పోయి చికోరీ లేకుండా, సన్నని ఇసుక పలుకు వలె ఆడించమన్నాను. అంగడివాడు నన్ను జాలిగా చూచినాడు. ఈసారి చక్కగా దిగినది గాని, యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకం ప్రకారం లీటరు నీటికి 60 గ్రాములు వేయుటచే, పాలు పోయగానే "కుడితి" అన్నది ఆమె. న్యాయమైన మాట. ఆ లెక్క పాలు లేకుండా గిన్నెడు త్రాగేవారిది. మనకు కావలసినది సగం పాలకు తట్టుకొనేది. పదునైదు దినాల ప్రయోగాల పిమ్మట మా లెక్క కుదిరినది: 300 మిల్లీలీటర్ల నీరు, 40 గ్రాముల పొడి. తడిసిన పొడి తన బరువుకు రెట్టింపు నీటిని పీల్చుకొంటుంది గనుక చేతికి వచ్చేది 220 మిల్లీలీటర్లు. ఇద్దరికి రెండు మారులకు సరిపోతుంది. దిగిన వెంటనే ఫ్లాస్కులో పోసి మీట ఆర్పివేస్తే మాడు చేదు రాదు.

మూడు నెలలకు యంత్రం గురక పెట్టసాగినది. మా బోరునీటి సున్నం గొట్టంలో పేరుకొన్నది. అంగడిలో నిమ్మ ఉప్పు కొని, నీటిలో కలిపి ఒకమారు పారించి, పిదప మంచినీరు రెండుమారులు పారించగా గురక పోయినది. ఇప్పుడు త్రాగే నీటినే పోస్తున్నాను.

ఇంతవరకు చెప్పినది యంత్రం సంగతి. అసలు సంగతి కట్టు విప్పిన తరువాత జరిగినది.

కట్టు విప్పగానే నేను పూర్వపు అలవాటున ఐదున్నరకు లేవసాగినాను. లేచేసరికి కాఫీ సిద్ధం. యంత్రం ఉన్నది కదా అని నా ధీమా. ఒకనాడు తెల్లవారుజామున దప్పిక వేసి వంటింటికి పోయినాను. ఆమె దీపం వేసుకొని, ఎడమచేత చెంబు పట్టి తొట్టిలో నీరు పోస్తున్నది. కుడిచేయి కొంగులో ముడుచుకొని ఉన్నది. నిన్నటి పిప్పి పారవేసినది. కూజా తోమినది. కాగితం మడిచి పెట్టినది. పొడి కొలిచినది. పాలు పొయ్యిమీద పెట్టినది. అప్పుడు మీట నొక్కినది.

"యంత్రం ఉండగా నీవెందుకు లేచినావు?" అన్నాను.

"దానికి చేతులు లేవు కదండీ" అన్నది. అందులో నిష్ఠురం లేదు. ఉన్నమాట చెప్పినది.

నేను ఆమెకు సాయమని యంత్రం తెచ్చినానని ఊరంతా చెప్పుకొన్నాను. తెచ్చినది బొట్లు దిగుటకు సాయం. ఆ బొట్లు అంతకు ముందు కూడా వాటంతట అవే దిగేవి. ముందూ వెనుకా ఉన్న పని అంతా ఆమె చేతులలోనే మిగిలినది. ముప్పది ఆరేండ్లను నెలలతో, దినాలతో హెచ్చవేసి చూచి, ఆ మొత్తం వద్ద లెక్క ఆపివేసినాను.

ఆనాటి నుండి నాలుగున్నరకు లేచేది నేను. ఆమె మొదట ఒప్పుకొనలేదు. వారం వరకు పక్కమీదనే కూర్చుండి చప్పుళ్ళు వింటూ, "పాలు పొంగుతున్నాయి" అని అక్కడినుండే హెచ్చరించేది. తరువాత పడుకొనుట నేర్చినది. ఈ వయసున ఆమె నేర్చిన కష్టమైన పాఠం అదియే అనుకొంటాను.

వైద్యుడు చేతి పట్టు మునుపటంతగా రాకపోవచ్చునన్నాడు. సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు ఆమె ఇత్తడి ఫిల్టరును చింతపండుతో తోమించి, "నువ్వు తీసుకుపోవే" అన్నది. నా మనసు ఒప్పలేదు. "మీ అమ్మగారు ఇచ్చినది, ఎన్ని జ్ఞాపకాలున్నవి దానిలో! ఉండనీయరాదా?" అన్నాను.

ఆమె ఫిల్టరును పాత పంచెగుడ్డలో చుడుతూ తల ఎత్తకుండానే, "మీకు అది జ్ఞాపకమండీ. నాకు పని" అన్నది.

కావ్యాలలో వ్యంగ్యార్థాలు ముప్పది ఏండ్లు పిల్లలకు విడమరచి చెప్పినవాడను. ఈ రెండు వాక్యాలకు వ్యాఖ్య వ్రాయుట నావల్ల కాలేదు.

ఫిల్టరు బెంగళూరు చేరినది. అమ్మాయి, అల్లుడు ఆదివారాలు అందులో డికాషన్ వేసుకొంటారట. గిన్నెలు తిప్పేది అల్లుడేనట. మా ఇంట ఫాంటస్రావణి సాగుతున్నది. నా కాఫీ ఆమె కాఫీ అంత రుచిగా ఉండదు. ఆ మాట ఆమె ఇంకా అనలేదు. నిన్న మాత్రం గ్లాసు అందుకొని ఒక గుక్క త్రాగి, "పొడి ఒక చెంచా తగ్గింది" అన్నది. నాకు పరమ సంతోషం కలిగినది. మౌనంగా త్రాగుటకు బదులు తప్పు దిద్దుతున్నదంటే శిష్యునిపై ఆశ ఉన్నట్లే కదా!

మిత్రులారా, ఫాంటస్రావణి కంటె మంచి తెలుగు పేరు మీకు తోచినచో చెప్పండి. దానికంటె ముందు, మీ ఇంట మొదట తెల్లవారేది ఎవరికో ఒకసారి లేచి చూడండి.