మస్కరీన్ దీవుల యాత్రకు ముందు

ద్వీపయాత్ర అనగానే మనవాళ్ల మనసు ఇసుకతిన్నెల మీదికీ, కొబ్బరిచెట్ల నీడకూ పోతుంది. ఆ రెండూ మన కోనసీమలోనే కావలసినన్ని ఉన్నవి. వాటికోసం నాలుగైదు వేల కిలోమీటర్లు విమానంలో ఎగిరిపోనక్కరలేదు. మడగాస్కరుకు తూర్పున, హిందూమహాసముద్రం నడుమ ఉన్న మస్కరీన్ దీవులకు పోవాలంటే ఇంతకన్న గట్టి కారణం కావాలి. అటువంటి కారణం ఒకటి ఉన్నది. అది మన గోదావరి ఒడ్డునే మొదలవుతుందంటే మీరు నమ్మరేమో!

ఈ దీవులు ముఖ్యంగా మూడు. మారిషస్ 1,865 చదరపు కిలోమీటర్లు, రీయూనియన్ 2,512, రోడ్రిగ్స్ 108. పదహారో శతాబ్దపు పోర్చుగీసు నావికుడు పెద్రో మస్కరెన్యాస్ పేరు వీటికి నిలిచిపోయింది. మూడూ సముద్రం అడుగునుంచి లేచిన అగ్నిపర్వతాలే. మారిషస్, రోడ్రిగ్స్ చల్లారినవి. రీయూనియన్ మాత్రం ఇంకా రగులుతూనే ఉన్నది.

దీని మర్మం భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పే తీరు మన వంటింటి భాషలోకి సులువుగానే వస్తుంది. నేల అడుగున, చాలా లోతున, ఒక పొయ్యి ఉన్నదనుకోండి. దానిపైన భూమి పలక పెనంలాగా మెల్లమెల్లగా జరుగుతూ ఉంటుంది. ఏ భాగం పొయ్యి మీదికి వస్తే ఆ భాగం కాలుతుంది. దాటిపోయినది చల్లారుతుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం ఆ పొయ్యి మీద ఉన్నది మన దేశమే! అప్పుడు పొంగిన లావాయే దక్కను నల్లరాయి. తెలంగాణలో వికారాబాదు వైపు నల్లరేగడి కింద తగిలే రాయి అదే. రాజమహేంద్రవరానికి సమీపంలో కాతేరు, పంగిడి, గౌరీపట్నం దగ్గర క్వారీలలో కొట్టే నల్లరాయి కూడా ఆ కాలపు లావాయే. పడమటి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారివచ్చి ఇక్కడ గడ్డకట్టిందని పలువురి అభిప్రాయం. తరువాత మన దేశం ఈశాన్యంగా జరిగిపోయింది. లక్షద్వీపాలు, మాల్దీవులు, చాగోస్ దీవుల అడుగున ఉన్న శిలలు ఆ పొయ్యి విడిచిన జాడలే. ఆ వరుసలో మారిషస్ సుమారు 80, 90 లక్షల సంవత్సరాల నాటిది. ప్రస్తుతం పొయ్యి రీయూనియన్ కింద మండుతున్నది.

మా ఇంట్లో పదిరోజుల యాత్రకు లెక్కలు వేస్తున్నప్పుడు ఈ సంగతంతా వివరించాను. మా అబ్బాయికి ఉత్సాహం పొంగింది. మా ఆవిడ మాత్రం చేతిలో ఖర్చుల కాగితం దించలేదు.

"రెండు దేశాలు, రెండు రకాల డబ్బు, రెండు అనుమతులు. ఇంతా చేసి మనం వెళ్లిననాడు ఆ కొండ రగలకపోతే నల్లరాళ్లు చూచి రావలసిందేగా? అవేవో పంగిడిలో బస్సు ఛార్జీతో చూడవచ్చునండీ!" అన్నది.

వాదనలో పస ఉన్నది. కుటుంబంతో పోయేవారు ఎవరైనా ముందుగా ఆలోచించవలసిన మాట ఇది. మారిషస్‌కు భారతీయ యాత్రికులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. తిరుగు టికెట్టు, బస ఏర్పాటు, ఖర్చులకు తగిన సొమ్ము చూపగలిగితే చాలు. రీయూనియన్ సంగతి వేరు. అది 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లా. అక్కడ చెల్లేది యూరో. యూరపు తిరగడానికి ఇచ్చే షెంజెన్ వీసా అక్కడ దానంతటదే చెల్లదు. అందుచేత విమానపు టికెట్లు కొనకముందే అనుమతి సంగతి తేల్చుకోవాలి. రెండు దీవుల మధ్య విమాన ప్రయాణం గంట లోపే.

ఇక కొండ రగులుతుందా, రగలదా అన్న ప్రశ్న. దాని పేరు పితో ద లా ఫుర్నేజ్, అంటే కొలిమి శిఖరం. ఎత్తు 2,632 మీటర్లు. 17వ శతాబ్దం నుంచి ఇప్పటికి 150కి పైగా విస్ఫోటనాలు లెక్కకెక్కినవి. అయినా మన సెలవుల ప్రకారం రగలమని దానికి ఎవరూ చెప్పలేరు. కొండ నిద్రలో ఉన్నప్పుడు బెల్‌కోంబ్ కనుమ అంచునుంచి మెట్లు దిగి, గడ్డకట్టిన లావా మీద నడుచుకుంటూ శిఖరం దాకా పోయి రావచ్చు. రానూ పోనూ ఐదారు గంటల నడక. రగిలే సూచనలు కనిపించగానే ఆ దారి మూసివేస్తారు. అప్పుడు దూరం నుంచి చూడవలసిందే. నడవడమో, మంట చూడడమో, ఏదో ఒకటే ప్రాప్తం. ఏది దొరికినా సంతోషించే మనసుతో పోవాలి.

మంట కనబడకపోయినా దాని ప్రతాపం కనబడుతుంది. 1977 ఏప్రిల్‌లో లావా తన మామూలు హద్దు దాటి పితో సేంత్ రోజ్ అనే గ్రామం మీదికి దిగింది. జనాన్ని ముందే తరలించారు. ఇళ్లు కాలిపోయినవి. చర్చి గుమ్మం దగ్గర మాత్రం ఆ ప్రవాహం రెండుగా చీలి, గోడల పక్కగా పారి చల్లారింది. నేడు ఆ ఆలయాన్ని లావా మాత పేరుతో పిలుస్తారు. చుట్టూ నల్లరాయి, మధ్య చర్చి. 2007 ఏప్రిల్‌లో శిఖరం మీది బిలం మూడువందల మీటర్లకు పైగా లోపలికి కుంగింది. చల్లారిన పెద్దకొండ పితో దె నేజ్ 3,070 మీటర్లు. దాని చుట్టూ సిలావోస్, సలాజీ, మఫాత్ అనే మూడు మహా లోయలు. మఫాత్‌లో మనుషులున్నారు గాని రోడ్డు లేదు. కాలినడకన పోవాలి, లేదా హెలికాప్టరు ఎక్కాలి.

కాలం విషయంలో మనకు అదృష్టం కలిసివచ్చింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుపానుల రోజులు. మే నుంచి అక్టోబరు దాకా చల్లని పొడి వాతావరణం. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా దానికి సరిపోతాయి. అయితే కొండమీద చలి గట్టిది. ఉన్నిబట్టలు, మంచి బూట్లు తప్పనిసరి. పొద్దెక్కితే మబ్బు కమ్ముతుంది, కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాలి.

మారిషస్‌లో నిప్పు లేదు గాని నిప్పు చేసిన పని కనిపిస్తుంది. క్యూర్‌పీప్ పట్టణంలో చెట్లు మొలిచిన అగ్నిబిలం ఉన్నది. షమరెల్‌లో నల్లరాయి చివికి, అందులోని ఇనుము మొదలైనవి మారి, ఏడు రంగుల మన్నుగా నిలిచినది. మనవాళ్లు గంగాతలావ్ అని కొలిచే సరస్సు కూడా పాత అగ్నిబిలమే. శివరాత్రికి వేలాది భక్తులు కాలినడకన అక్కడికి చేరుకుంటారు.

ఇంతవరకు రాళ్ల బంధుత్వం. ఇక మనుషుల బంధుత్వం చెప్పాలి. బానిసత్వం రద్దయ్యే రోజులలో చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చారు. 1830కి ముందే యానాం నుంచి కొందరు తెలుగువారిని ఫ్రెంచివారు రీయూనియన్‌కు తీసుకుపోయారు. 1834 నుంచి మారిషస్‌కు ఒప్పందపు కూలీలుగా నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు చేరారు. వారిలో గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవునుంచి ఓడ ఎక్కినవారూ ఉన్నారు. ఆ రేవు పేరుమీదనే అక్కడి తెలుగువారిని కొరింగీలు అన్నారు. పోర్టు లూయీలో వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ రాతిమెట్లు నేటికీ ఉన్నవి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినదీ మారిషస్‌లోనే.

ఈ మాట విన్నాక మా ఆవిడ కాగితం మీద కలం కదిలింది. రీయూనియన్‌కు నాలుగు రోజులు, మారిషస్‌కు ఆరు. కాని ఒక షరతు పెట్టింది. విమానం ఎక్కడానికి ముందు ఒక రోజు పంగిడి రాళ్లూ, కోరంగీ చూడాలట! "అక్కడివాళ్లు మన ఊళ్ల సంగతి అడిగితే చూడలేదని చెప్పడానికి సిగ్గు కాదూ?" అన్నది. కాదనలేకపోయాను. 1839 తుపానుతో దెబ్బతిన్న ఆ రేవు ఊరికి మేము ఇంతవరకు పోనేలేదు.

మీరు పోయేటట్లయితే మారిషస్‌లో చివరి సాయంకాలం ఏ టికెట్టూ కొనకుండా ఉంచుకోండి. చెరకుపొలాల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. నేల సాగులోకి తేవడానికి కూలీలు ఒక్కొక్క రాయి పెకలించి, మోసి, పేర్చినవి అవి. కోరంగి నుంచి పోయినవారి చేతులు కూడా వాటిమీద పడి ఉంటాయి. కారు ఆపించి, పిల్లలకు వాటిని దగ్గరగా చూపించి రండి.