కూడలి ఒడ్డున కార్తికము

కృష్ణాజిల్లా యనగానే పరస్థలముల సోదరీమణులకు కాలువలును, వరిచేలును, కొబ్బరితోటలును మనసున మెదలును. మా వీరులపాడు అట్టిది కాదు. నందిగామ, జగ్గయ్యపేటల చుట్టునున్న ఈ మెరకసీమలో నల్లరేగడి నేలలు మెండు. పత్తియు, మిరపయు ఇచ్చటి పేరుగన్న పంటలు. 2022 ఏప్రిలు 4వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు ఈ సీమ ఎన్టీఆర్ జిల్లాలో చేరినది గాని, పెద్దవారి నోట నేటికిని ఇది కృష్ణాజిల్లా మెరకయే. నాగార్జునసాగరము ఎడమకాలువ ఈ తట్టునకు వచ్చియున్నను, పండుగస్నానమనినచో మా యిండ్ల స్త్రీలు తలచునది ఏరులనే. ఖమ్మము సీమ మీదుగా వైరాయు, గంపలగూడెము వైపునుండి కట్టలేరును వచ్చి దాములూరు వద్ద ఒకదానినొకటి కలియును. ఆ చోటికి కూడలి యని పేరు. సంగమేశ్వరస్వామి కోవెల అచ్చటనే కలదు. ఆ నీరు పిమ్మట మున్నేటిలో చేరి, దానితోకూడ కృష్ణలో కలియును.

వానకాలమున ఈ ఏరులను నమ్మరాదు. 2023 జూలై చివర మున్నేరు పొంగి, నందిగామ చేరువనున్న ఐతవరమున హైదరాబాదు–విజయవాడ రహదారి మీదికే వచ్చి బండ్లను నిలిపివేసినది. 2024 సెప్టెంబరు మొదటి దినముల వరద మరియు ఘోరము. అట్టి ఏరే కార్తికము వచ్చునప్పటికి శాంతించి, ఇసుకతిన్నెలను పైకి విడిచి, చంటిబిడ్డ తల్లివలె మెల్లగా కదలుచుండును. అయినను వరద త్రవ్వి విడిచిన గుంటలు నీటి క్రింద కనబడవు. కావున పిల్లలను ముందు దింపక, ఊరివారు స్నానము చేయు చోటునే చేయవలెను.

మా కార్తికపు వేడుక ఏటికి పోవుటతో గాక పత్తితో మొదలగును. పున్నమినాడు ఏడాదికి సరిపోవునట్లు 365 వత్తులు వెలిగించుట మన యిండ్ల యాచారము గదా. అంగడిలో కట్టలుగా దొరకునవి ఉన్నవి; వానిని మేము నిందింపము, పనిపాటల యిల్లాండ్రకు అవి మేలే. కాని తొలితీత పత్తి వాకిటికి వచ్చు ఊరిలో కాపురముండి వత్తులు కొనుటకు మాకు మనసొప్పదు. నాలుగిండ్ల స్త్రీలము మధ్యాహ్నపు పని తీరినపిదప అరుగుమీద చేరుదుము. గింజను వ్రేలికొనలతో ఊడదీసి, పత్తిని మెత్తగా ఏకి, తునుక తునుకగా అరచేతిలో కొంచెము పాలతడియో విభూతియో అద్ది నులుముదుము. మొదటి పది వత్తులు ఒకటి లావు, ఒకటి సన్నము. ఇరువది దాటినపిదప చేయి తానే కొలత తెలిసికొనును. అప్పుడు నోటికి తీరిక కలుగును. ఊరి సంగతులన్నియు ఆ పత్తితోపాటు ఏకబడునని వేరుగ చెప్పనేల?

వనభోజనపు మాట వచ్చినది ఆ యరుగుమీదనే. ఉసిరిచెట్టు నీడను భుజించుట పుణ్యమందురు. పుణ్యము సరే, వండువారెవరు? వనభోజనమనగా స్త్రీలకు విశ్రాంతి యని పురుషులు తలంతురు. జరుగునది వేరు. ఇంటి వంటయింటినే మూట గట్టి ఇసుకలో దింపుదురు. గాలికి మంట నిలువదు, పప్పు ఉడుకదు, పిల్లలు ఆకలి యందురు. అందరును తిని నీడను నడుము వాల్చునప్పటికి మనము ఏటిలో గిన్నెలు తోముచుందుము. కావున ఏటియొడ్డున పొయ్యి పెట్టరాదని మేము నియమము చేసికొంటిమి. ముందునాటి రాత్రి దిబ్బరొట్టెలు, తెల్లవారుజామున పులిహోర, దధ్యోదనము. అంతే.

దిబ్బరొట్టె తీరు తెలియని వారికొరకు చెప్పుచున్నాము. ఒక గిద్దెడు మినపపప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీరు మిక్కిలి పోయక గట్టిగా రుబ్బవలెను. దానికి రెండు గిద్దెల బియ్యపురవ్వ కడిగి పిండి కలిపి, ఉప్పు, జీలకఱ్ఱ చేర్చవలెను. పిండి జారుగా నున్నచో అది అట్టు అగును గాని రొట్టె కాదు. అడుగు మందమైన మూకుట నూనె ధారాళముగ పోసి, రెండంగుళముల మందమున పిండి వేసి, మూత పెట్టి, కుంపటిలో సన్నని నిప్పుమీద నుంచి, మూతపైన కూడ నాలుగు నిప్పు కణికలు పరువవలెను. క్రింది వేడికి అడుగు ఎఱ్ఱబారును, పైవేడికి నడుమ ఉడుకును. తొందర కూడదు, ముప్పాతిక గంటయైనను పట్టును. మాడకుండ కాచుకొని కూర్చుండుటయే ఇందలి విద్య. గ్యాసుపొయ్యిమీద చేయుదురు గాని, అప్పుడు నడుమ తిరుగవేయవలసి వచ్చును, ఆ నిప్పువాసనయు రాదు. చల్లారినను చెడని రొట్టె యిది. ఆవకాయతో పెద్దలు, బెల్లపుపాకముతో పిల్లలు తిందురు. మా వారు రెంటితోను తిందురు.

వంట చిక్కు ఇట్లు తీరినది గాని, అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి యుండెను. ప్రక్కయింటి అత్తగారు తన ముగ్గురు కోడండ్రలో ఇద్దరనే తెత్తుననిరి. “అందరూ వస్తే గేదెను ఎవరు చూస్తారమ్మా, ఇల్లు ఎవరు కాస్తారు?” అని వారి ప్రశ్న. చిన్నకోడలు తల యెత్తక వత్తులు చేయుచుండెను. క్రిందటి యేడును ఆమెయే ఇంట నిలిచినది.

అప్పుడు ఆ యరుగుమీది ముసలమ్మగారొకరు పోలి కథ యెత్తిరి. ఈ కథ యెఱుగని తెలుగు స్త్రీ యుండదు. అత్త తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని కార్తికమంతయు ఏటికి పోవుచు, కడగొట్టు కోడలు పోలిని నూనెయు వత్తియు అందకుండ చేసి ఇంట విడిచెను. పోలి పెరటి పత్తిచెట్టు క్రింద రాలిన పత్తి తీసి వత్తి చేసి, కవ్వమున కంటిన వెన్న రాచి, దీపము వెలిగించి, ఎవరి కంటను పడకుండ బుట్ట మూసెను. కడనాడు విమానము దిగి వచ్చినది ఆమెకొరకే.

కథ ముగియగానే ప్రక్కయింటివారు నవ్వి, “చూశారా, ఇంట ఉన్నదానికే స్వర్గం వచ్చింది! మా పిల్ల ఉంటే తప్పేమిటి?” అనిరి. చతురమైన మాట, కాదనలేము. మేమంటిమి: “అత్తయ్యగారూ, స్వర్గం సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆదివారం సంగతి మనం చూద్దాం.” ఈ కథను పోలి భక్తికొరకే చెప్పుదురు. మాకు మాత్రము ఆ బుట్ట మీదనే కన్ను. దీపమును సైతము దాచిపెట్టవలసిన కోడలికి ఆ యింట ఎట్టి బ్రదుకుండెనో ఆలోచింపుడు.

తుదకు తెల్లవారకముందే గేదె పాలు పితుకుటకును, మూడిండ్ల తాళపుచెవులు మా వారి యొద్ద నుండుటకును ఒప్పందమైనది. బడికి సెలవు గదా, ప్రశ్నపత్రములు దిద్దుకొనుచు వారు అరుగుమీద కాపలా యుండిరి. చిన్నకోడలు వచ్చినది. ఏటిలో దిగినపిదప ఆమె నోరు పెగలినది. తన పుట్టినిల్లు మున్నేటి గట్టున పెనుగంచిప్రోలట. ఏటి నడకలన్నియు మా కందరికంటె ఆమెకే తెలియును. గుంట యెక్కడ, గట్టినేల యెక్కడ యని పాదముతో తడవి చూపుచు పిల్లలను ఆమెయే స్నానము చేయించినది. అత్తగారు ఒడ్డున కూర్చుండి, “ఇదంతా నీకెప్పుడు తెలుసే?” అని రెండుమార్లు అడిగిరి.

పోవునప్పుడును వచ్చునప్పుడును దారికి రెండు ప్రక్కల చేలలో స్త్రీలు పత్తి తీయుచుండిరి. ఒడి కట్టుకొని, నడుము వంచి, విచ్చిన కాయనుండి కాయకు చేయి పోవుచునే యున్నది. విచ్చిన పత్తిని చెట్టుమీద నుంచరాదు. ఒక్క వాన పడినచో రంగు మారి ధర తెగును. తీతకూలి పెక్కుచోట్ల కిలోలెక్కను ఇత్తురు గాన, నిలిచిన గంట నష్టపు గంటయే. కార్తికమును పత్తితీతయు ఒకే మాసమున వచ్చుట వారి కిట్లయినది. మన దీపములోని వత్తి వారి వ్రేళ్లనుండియే వచ్చుచున్నది. ఆదివారము మాత్రము వారికి లేదు. మిగిలిన రొట్టెలు గట్టుమీద పంచితిమి. పెద్దావిడ యొకతె ఆవకాయ నంజుకొనుచు, “మేమూ పోతామమ్మా ఏటికి, పోలి పాడ్యమికి. తెల్లారకముందే పోతాం,” అనెను.

అమావాస్య మరునాడు మేమును నాలుగు గంటలకే లేచి కూడలికి పోయితిమి. వారు మాకంటె ముందే యుండిరి. అరటిదొప్పలలో దీపములుంచి నీట విడుచుచుండిరి. రెండు ఏరులు కలియు చోట నీరు కొంచెము తిరుగును. అచ్చట కొన్ని దొప్పలు ముందుకు పోక నిలిచినవి. ఆనాటి పెద్దావిడ చీరకుచ్చెళ్లు పైకి దోపి, నీటిలో నాలుగడుగులు నడచి, ఎవరివని చూడక అన్నిటిని ఒక్కొక్కటిగా మునివ్రేళ్లతో త్రోసి, ఒడ్డునకు వచ్చి, ఒడి బిగించుకొని చేనికి పోయెను.